గాయం బయటపడేలోగా గడువు గతిస్తోంది

* వైద్య నిర్లక్ష్యంపై ఫిర్యాదుకు రెండేళ్లే వ్యవధి
* లెక్క మొదలయ్యే రోజుపైనే వివాదం
* మూడేళ్లు దాటితే చికిత్స పత్రాలకు భరోసా కరవు

నెల్లూరు: తీర మండలాల్లో రోగికి చికిత్స జరిగేది ఒకచోట, ఆ చికిత్సలో లోపం జరిగిందని తెలిసేది మరోచోట. ఈ రెంటి మధ్య ఒక్కోసారి ఏళ్లే గడిచిపోతున్నాయి. ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు, విడవలూరు, అల్లూరు, బోగోలు మండలాల్లోని మత్స్యకార, వ్యవసాయ కూలీ కుటుంబాలవారు పెద్ద వైద్యం అవసరమైతే నెల్లూరుకు, అక్కడ నయం కాకుంటే చెన్నైకి వెళ్లడం పరిపాటి. నెల్లూరులో చేసిన శస్త్రచికిత్సలో ఏం జరిగిందో చెన్నైలోని స్కానింగ్ చెబుతుంది. అప్పటికి చట్టం పెట్టిన రెండేళ్ల గడువు తీరిపోయి ఉంటే బాధితుల గోడు వినే వేదికే కరవవుతోంది.

వైద్య నిర్లక్ష్యంపై ఫిర్యాదు చేసేందుకు గడువు పెంచాలన్న కోరిక దేశంలోనూ, విదేశాల్లోనూ ఎంతోకాలంగా వినిపిస్తున్నదే. అయితే రెండేళ్లను మూడేళ్లుగానో, అయిదేళ్లుగానో మార్చినంత మాత్రాన సమస్య తీరదు. లెక్క ఏ రోజు నుంచి మొదలుపెట్టాలి, ఆ లెక్క తేలే వరకు కాగితాలు ఎవరు భద్రపరచాలి అన్న రెండు ప్రశ్నలకు చట్టంలో స్పష్టమైన సమాధానం లేకపోవడమే అసలు చిక్కు.

చట్టం ఏం చెబుతోంది?

వినియోగదారుల రక్షణ చట్టం 1986లో వచ్చింది. ఫిర్యాదుకు కాలపరిమితి విధించే 24ఎ సెక్షన్ 1993 సవరణతో అందులో చేరింది. వ్యాజ్య కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోగా ఫిర్యాదు దాఖలు చేయాలన్నది ఆ సెక్షన్ సారాంశం. వైద్య సేవలు ఈ చట్టం పరిధిలోకి వస్తాయా రావా అన్న వివాదాన్ని 1995 నవంబరు 13న సుప్రీంకోర్టు పరిష్కరించింది. రుసుం తీసుకుని చేసే వైద్యం కూడా సేవేనని ఇండియన్ మెడికల్ అసోసియేషన్ వర్సెస్ వి.పి.శాంత కేసులో తీర్పునిచ్చింది. నర్సింగ్‌హోంలో నష్టపోయిన రోగికి వినియోగదారుల ఫోరం తలుపు తట్టే హక్కు ఆ తీర్పుతో స్థిరపడింది.

పాత చట్టం స్థానంలో 2019 నాటి కొత్త చట్టం 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చింది. ఫోరాలు కమిషన్లయ్యాయి. వైద్య సేవలు కొత్త చట్టం పరిధిలో లేవన్న వాదననూ సుప్రీంకోర్టు 2022లో తోసిపుచ్చింది. ఇన్ని మార్పుల మధ్య గడువు మాత్రం మారలేదు. 24ఎ సెక్షన్‌లో ఉన్న నియమమే 69వ సెక్షన్‌గా కొత్త చట్టంలోకి వచ్చింది. పాడైన టీవీకి, కడుపులో మిగిలిపోయిన దూది ఉండకూ ఒకే రెండేళ్ల కొలమానం వర్తిస్తోంది. టీవీ పాడైతే ఆ పూటే తెలుస్తుంది. దూది ఉండ మాత్రం ఏళ్ల తరబడి తన ఉనికి చాటకుండా ఉండగలదు.

గడువు దాటినా తగిన కారణం చూపితే జాప్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది. అందుకు కారణాలను లిఖితపూర్వకంగా నమోదు చేయాలి. అయితే అది కమిషన్ విచక్షణే తప్ప ఫిర్యాదుదారుడి హక్కు కాదు. ఆసుపత్రి తరఫువారు గడువు మాట ఎత్తకపోయినా, కమిషన్ తనంతట తానే ఆ విషయం పరిశీలించి తీరాలని 2009లో ఒక బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అంటే వైద్యంలో తప్పు జరిగిందా లేదా అన్న విచారణ కంటే ముందే క్యాలెండరు పరీక్షలో నెగ్గాల్సి ఉంటుంది.

తొమ్మిదేళ్ల నొప్పి... తేలిన తీర్పు

ఈ లెక్క ఎక్కడ మొదలవుతుందన్న ప్రశ్నపై 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కీలకమైనది. మహారాష్ట్రలో 1993లో ఒక మహిళకు పిత్తాశయంలో రాళ్లు తొలగించే శస్త్రచికిత్స జరిగింది. ఆ తర్వాత తొమ్మిదేళ్లపాటు ఆమె కడుపునొప్పితో బాధపడ్డారు. 2002లో స్కానింగ్ తీయించుకుని, మరో ఆసుపత్రిలో రెండో శస్త్రచికిత్స చేయించుకున్నారు. మొదటి శస్త్రచికిత్సలో గుడ్డముక్క లోపల ఉండిపోయిందన్నది ఆమె ఆరోపణ. 2004లో ఫిర్యాదు చేశారు. రాష్ట్ర కమిషన్ గడువు మించిందంటూ కొట్టివేసింది. జాతీయ కమిషన్ విచారణకు అనుమతించింది. చివరకు సుప్రీంకోర్టు రాష్ట్ర కమిషన్ నిర్ణయాన్నే నిలబెట్టింది.

ఆ తీర్పులో రెండు భాగాలున్నాయి. మొదటిది రోగులకు ఊరటనిచ్చేది. నిర్లక్ష్యం ఫలితం వెంటనే కంటికి కనిపించే సందర్భాల్లో చికిత్స జరిగిన రోజు నుంచే గడువు లెక్కించాలి. ఫలితం లోపల దాగి ఉండే సందర్భాల్లో మాత్రం రోగికి ఆ హాని తెలిసిన రోజు నుంచి, లేదా తగిన శ్రద్ధ చూపితే తెలిసి ఉండాల్సిన రోజు నుంచి లెక్కించాలని న్యాయస్థానం పేర్కొంది. రెండో భాగం ఆ ఫిర్యాదుదారుకు ప్రతికూలమైంది. ఆమె అనుభవజ్ఞురాలైన నర్సు. తొమ్మిదేళ్లు నొప్పి ఉన్నప్పుడు సాధారణ వివేకం గలవారెవరైనా ఆ శస్త్రవైద్యుణ్ని గానీ, మరో సమర్థుడైన వైద్యుణ్ని గానీ సంప్రదించి ఉండేవారని, ఆమె నొప్పి మాత్రలతో సరిపెట్టుకోవడం తగిన శ్రద్ధ అనిపించుకోదని కోర్టు అభిప్రాయపడింది.

తెలిసిన రోజు నుంచి లెక్క అనే సూత్రాన్ని దేశంలోని అత్యున్నత న్యాయస్థానం ఆ విధంగా అంగీకరించింది. అయినా పార్లమెంటు 2019లో కొత్త చట్టం చేసినప్పుడు ఆ సూత్రాన్ని 69వ సెక్షన్‌లో రాయలేదు. ఫలితంగా ప్రతి రోగీ ఆ తీర్పును కమిషన్ ముందు పెట్టి, తాను తగిన శ్రద్ధ చూపానని మొదటి నుంచీ నిరూపించుకోవలసి వస్తోంది.

తీరంలో 'తగిన శ్రద్ధ' ఎలా ఉంటుంది?

ఈ 'తగిన శ్రద్ధ' అనే మాట నెల్లూరు తీరంలో ఎలా వర్తిస్తుందో పరిశీలిస్తే చిక్కు ఎక్కడుందో అర్థమవుతుంది. మైపాడు, కోడూరు, ఇస్కపల్లి, తుమ్మలపెంట వంటి తీర గ్రామాల్లో నొప్పి వస్తే ముందుగా వెళ్లేది ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గరికే. ఆయన సూది వేస్తాడు, మాత్రలిస్తాడు. చీటీ రాయడు, రశీదు ఇవ్వడు. తగ్గకుంటే మరో ఊరి ఆర్‌ఎంపీ. అదీ కాకుంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. ఇంతమంది చుట్టూ తిరిగిన రోగి నొప్పిని పట్టించుకోలేదని అనడానికి వీల్లేదు. కానీ తిరిగినట్టు కాగితం ముక్కైనా ఉండదు. కమిషన్ ముందు నిలబడినప్పుడు ఆమె కూడా నొప్పి మాత్రలతో కాలం గడిపిన మనిషిగానే లెక్కకొస్తుంది.

బతుకుతెరువు తీరూ ఇందుకు తోడవుతోంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు మరబోట్లపై వేట నిషేధం. ఆ రోజుల్లో రాబడి ఉండదు. వేట సాగే రోజుల్లో తీరిక ఉండదు. రొయ్యల గుంటల కాపలాకో, ఉప్పు మళ్లలో పనికో వెళ్లే కుటుంబాలదీ ఇదే పరిస్థితి. చెన్నై వెళ్లి స్కానింగ్ తీయించుకోవాలంటే ఇద్దరి కూలి, దారి ఖర్చులు, పరీక్షల రుసుం కూడబెట్టుకోవాలి. పట్టణంలో రెండు వారాల్లో జరిగే పని తీరంలో ఏడాదికి వాయిదా పడితే దాన్ని అశ్రద్ధ అనడం న్యాయం కాదు.

ఉదాహరణకు తీర గ్రామంలోని ఒక మహిళకు ముప్పై ఏళ్లు దాటకముందే గర్భసంచి తొలగించారనుకుందాం. తీయకుంటే క్యాన్సర్ వస్తుందని భయపెట్టారనుకుందాం. శస్త్రచికిత్స చక్కగానే జరిగింది, కుట్లు మానాయి. ఆరేళ్లకు ఎముకల నొప్పులతో మరో వైద్యురాలి దగ్గరికి వెళితే, అప్పట్లో ఆ శస్త్రచికిత్స అవసరమే లేదని పాత రిపోర్టులు చూసి ఆమె చెప్పారు. ఇక్కడ హాని జరిగిన రోజు ఏది? శస్త్రచికిత్స జరిగిన రోజే అయితే ఆ మహిళకు ఏనాడూ న్యాయం అందే దారి లేదు. ఇది నలుగురైదుగురికి పరిమితమైన సమస్య కాదు. 2015-16, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు రెండింటిలోనూ 15-49 ఏళ్ల మహిళల్లో దాదాపు 9 శాతం మందికి గర్భసంచి తొలగించిన రాష్ట్రంగా ఆంధ్రప్రదేశ్ దేశంలో ముందు వరసలో నిలిచింది. అనవసర గర్భసంచి శస్త్రచికిత్సలను అరికట్టే మార్గదర్శకాలను అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. ఇకముందు జరిగేవాటికి ఆ ఆదేశం అడ్డుకట్ట కావచ్చు. ఇప్పటికే జరిగినవాటికి గడువు గోడ అలాగే ఉంది.

కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సల్లోనూ ఇదే ప్రశ్న తలెత్తుతుంది. శస్త్రచికిత్స విఫలమైందని తెలిసేది మళ్లీ గర్భం దాల్చినప్పుడే. అది రెండేళ్లకు కావచ్చు, నాలుగేళ్లకు కావచ్చు. వైద్యుడి నిర్లక్ష్యం వల్ల శస్త్రచికిత్స విఫలమైతే ప్రభుత్వం పరిహారం చెల్లించాలని 2000లో హర్యానాకు చెందిన కేసులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. విఫలమైనంత మాత్రాన నిర్లక్ష్యం కాదని, దాన్ని విడిగా నిరూపించాలని 2005లో పంజాబ్ కేసులో వివరించింది. నిరూపించడానికి కావలసిన కాగితాలు అప్పటికి మిగిలి ఉండటమే ఇక్కడ ముఖ్యం.

కాగితం ఆసుపత్రిది... భారం రోగిది

భారత వైద్య మండలి 2002లో జారీ చేసిన వృత్తి నియమావళి ప్రకారం, ఆసుపత్రిలో చేరిన రోగి చికిత్స పత్రాలను చికిత్స మొదలైన రోజు నుంచి మూడేళ్లపాటు వైద్యులు భద్రపరచాలి. రోగి గానీ, అధీకృత ప్రతినిధి గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఈ రెండో నియమం తెలిసిన రోగులు అరుదు. మూడేళ్ల నియమం సంగతి ఇంకా అరుదు.

గడువు పెంపు గురించి మాట్లాడేవారు ఈ మూడేళ్ల నియమాన్ని సాధారణంగా పట్టించుకోరు. లెక్క తెలిసిన రోజు నుంచి మొదలైనా, ఆ రోజు ఆరో ఏట వస్తే శస్త్రచికిత్స నోట్సు, మత్తుమందు వైద్యుడి నమోదులు, లెక్కించిన పరికరాల జాబితా అప్పటికి ఉండాలన్న నిబంధన లేదు. నిర్లక్ష్యాన్ని నిరూపించాల్సిన బాధ్యత ప్రధానంగా ఫిర్యాదుదారుడిదే. కాగితం లేని ఫిర్యాదును కమిషన్ గడువు మన్నించి స్వీకరించినా, విచారణలో అది నిలబడటం కష్టం. కాగితం లేకపోతే నష్టపోయేది రోగి ఒక్కడే కాదు. సక్రమంగా వైద్యం చేసిన డాక్టరు కూడా ఆ సంగతి రుజువు చేసుకోలేడు.

రోగి ఇంట్లో ఉండే కాగితాల పరిస్థితి మరీ దయనీయం. డిశ్చార్జి పత్రం, మందుల చీట్లు ప్లాస్టిక్ సంచిలో పెట్టి దూలానికి వేలాడదీయడం తీర గ్రామాల్లో కనిపించే దృశ్యం. 2021 నవంబరులో పెన్నా పొంగి నెల్లూరు పరిసరాలు, నదీతీర గ్రామాలు నీట మునిగాయి. తుపానుల తాకిడి తీరానికి కొత్త కాదు. ఇల్లు మునిగితే బియ్యంతోపాటు ఆ సంచీ తడుస్తుంది. ఇంగ్లిషులో ఉన్న ఆ పత్రంలో ఏముందో ఇంటిల్లిపాదిలో ఎవరికీ తెలియని సందర్భాలే ఎక్కువ.

ఉచిత వైద్యానికి వేరే దారి

ప్రభుత్వ ఆసుపత్రుల రోగుల పరిస్థితి మరో రకం. అందరికీ పూర్తి ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రులు వినియోగదారుల చట్టం పరిధిలోకి రావని 1995 తీర్పే చెప్పింది. సుప్రీంకోర్టు 2021లోనూ అదే మాట పునరుద్ఘాటించింది. నెల్లూరు సర్వజన ఆసుపత్రిలో గానీ, మండలంలోని ఆరోగ్య కేంద్రంలో గానీ పూర్తి ఉచిత వైద్యం పొంది నష్టపోయినవారు సివిల్ కోర్టుకు వెళ్లాలి. అక్కడ 1963 నాటి కాలపరిమితి చట్టం వర్తిస్తుంది. సాధారణంగా మూడేళ్ల గడువు లెక్కలోకి వస్తుంది. ప్రభుత్వంపై దావా వేయాలంటే ముందుగా రెండు నెలల నోటీసు ఇవ్వాలి. ఆ రెండు నెలలను గడువు నుంచి మినహాయిస్తారు. అయితే దావా దాఖలులో జాప్యాన్ని మన్నించే అధికారం సివిల్ కోర్టుకు లేదు. తగిన కారణం చూపితే మన్నింపు అన్న వెసులుబాటు అప్పీళ్లకు, దరఖాస్తులకే పరిమితం. కోర్టు రుసుం కూడా వినియోగదారుల కమిషన్ కంటే ఎక్కువే.

డబ్బు పెట్టి నర్సింగ్‌హోంకు వెళ్లినవారికి రెండేళ్ల గడువు, మన్నింపు వెసులుబాటు ఉన్నాయి. ఏమీ లేక ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లినవారికి మూడేళ్ల గడువు ఉన్నా మన్నింపు లేదు. ఇక 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, ప్రస్తుతం డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తున్న పథకం కింద ప్రైవేటు ఆసుపత్రిలో చికిత్స పొందినవారిది మధ్యస్థ స్థితి. రోగి తరఫున బీమా సంస్థ రుసుం చెల్లిస్తే అది ఉచిత సేవ కాదని 1995 తీర్పులోనే ఉంది. పథకం రోగులు ఆ మాటను ఆసరా చేసుకుని వాదించే వీలుంది.

పిల్లల విషయంలోనూ తేడా కనిపిస్తుంది. కాలపరిమితి చట్టం ప్రకారం మైనరు తరఫున గడువు మేజరయ్యే వరకు ఆగుతుంది. కాన్పు సమయంలో జరిగిన లోపంతో వైకల్యం పాలైన బిడ్డ పెద్దయ్యాక మూడేళ్లలోపు దావా వేయవచ్చు. వినియోగదారుల చట్టంలోని 69వ సెక్షన్‌లో మైనర్ల ఊసే లేదు.

వైద్యుల భయం నిరాధారం కాదు

గడువు పెంపును వ్యతిరేకించే వైద్యుల వాదనలోనూ బలముంది. పదేళ్ల కిందటి శస్త్రచికిత్సపై నోటీసు వస్తే, ఆనాడు పక్కనున్న నర్సు ఎక్కడుందో తెలియదు, మత్తుమందు ఇచ్చిన డాక్టరు బతికున్నాడో లేదో తెలియదు. చిన్న పట్టణంలో ఇరవై పడకల నర్సింగ్‌హోం నడిపేవారికి తల మీద కత్తి వేలాడుతూ ఉంటే, క్లిష్టమైన కేసులను చేర్చుకోకుండా పెద్ద ఊళ్లకు పంపేయడం పెరుగుతుంది. అప్పుడు నష్టపోయేది మళ్లీ తీరప్రాంత రోగే. కావలి నుంచో, కోవూరు నుంచో అర్ధరాత్రి కాన్పు కేసును నెల్లూరుకో, చెన్నైకో తరలించే పరిస్థితి ఎవరూ కోరుకోరు. అందుకే గడువు అసలు లేకపోవడం పరిష్కారం కాదు.

అయితే కాలం విషయంలో చట్టం రోగి పట్ల ఒకరకంగా, వ్యవస్థ పట్ల మరోరకంగా ఉందన్నది కాదనలేని నిజం. కొత్త చట్టం ప్రకారం ఫిర్యాదును మూడు నెలల్లో, పరీక్షలు అవసరమైతే అయిదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలి. ఆచరణ ఎలా ఉందో తెలుసుకునేందుకు తెలుగునాట అందరికీ తెలిసిన నిమ్స్ కేసు చాలు. హైదరాబాద్‌లోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో 1990లో ఛాతీలోని కణితికి శస్త్రచికిత్స చేయించుకున్న ఇంజినీరింగ్ విద్యార్థికి నడుము కింది భాగం చచ్చుబడిపోయింది. జాతీయ కమిషన్ 1999లో తీర్పునిచ్చింది. కోటి రూపాయల పరిహారం చెల్లించాలంటూ సుప్రీంకోర్టు తుది తీర్పు చెప్పింది 2009 మే నెలలో. తేల్చడానికి ఏళ్ల తరబడి సమయం పట్టినా తప్పు లేదు గానీ, అడగడానికి రెండేళ్లు దాటితే తప్పు అన్నట్టుంది పరిస్థితి.

గడువు సడలిన సందర్భాలు

జీవిత వాస్తవాలకు తగ్గట్టు గడువును సడలించడం మన చట్టాలకు తెలియని విద్య కాదు. కరోనా కాలంలో సుప్రీంకోర్టు తనంతట తానుగా జోక్యం చేసుకుని 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు ఉన్న కాలాన్ని అన్ని గడువుల లెక్క నుంచి మినహాయించింది. జనం కోర్టుకు రాలేని పరిస్థితి ఉన్నప్పుడు గడియారం నడవకూడదన్నది అందులోని న్యాయం.

రహదారి ప్రమాదాల చట్టం మరో పాఠం చెబుతుంది. 1988 మోటారు వాహనాల చట్టంలో పరిహారం దరఖాస్తుకు ఆరు నెలల గడువు ఉండేది. బాధితుల ఇక్కట్లు చూసి 1994లో పార్లమెంటు ఆ గడువును పూర్తిగా తొలగించింది. 2019 సవరణతో ఆరు నెలల గడువు తిరిగి వచ్చి, 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ మధ్య కాలంలో గడువు లేకుండానే ట్రైబ్యునళ్లు పనిచేశాయి. గడువు అనేది కొండ మీద చెక్కిన రాత కాదని, పార్లమెంటు తలచుకుంటే ఎటైనా మారుతుందని ఈ చరిత్ర తెలుపుతోంది.

విదేశాల్లో ఈ సమస్యకు వేర్వేరు పరిష్కారాలు వెతికారు. బ్రిటన్‌లో 1980 నాటి చట్టం ప్రకారం హాని జరిగిన రోజు నుంచి గానీ, అది తెలిసిన రోజు నుంచి గానీ మూడేళ్ల గడువు ఉంటుంది. 'తెలిసిన రోజు' అంటే ఏమిటో చట్టంలోనే నిర్వచించారు. న్యాయం కోసం అవసరమైతే గడువును పక్కనపెట్టే అధికారం జడ్జికి ఉంది. తెలుగువారు పెద్దసంఖ్యలో స్థిరపడిన అమెరికాలో ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి. న్యూయార్క్‌లో శరీరంలో పరాయి వస్తువు మిగిలిపోతే దాన్ని కనుగొన్న నాటి నుంచి ఏడాది వ్యవధి ఇస్తారు. క్యాన్సర్‌ను గుర్తించడంలో వైఫల్యం జరిగిన కేసుల్లో తెలిసిన రోజు నుంచి రెండున్నరేళ్లు, అయితే మొత్తం మీద ఏడేళ్లు దాటకుండా అని 2018లో అక్కడ చట్టం చేశారు. రోగికి తెలిసిన రోజు నుంచి వ్యవధి, వైద్యుడికి ఒక చివరి హద్దు. రెండువైపుల భయాలకూ అందులో జవాబుంది.

ఏం మారాలి?

మొదట మారాల్సింది 69వ సెక్షన్. వైద్య సేవల విషయంలో గడువు హాని తెలిసిన రోజు నుంచి మొదలవుతుందని చట్టంలోనే రాయాలి. తగిన శ్రద్ధను నిర్ణయించేటప్పుడు రోగి చదువు, నివాసం, అందుబాటులో ఉన్న వైద్యం పరిగణనలోకి తీసుకోవాలని స్పష్టం చేయాలి. అనుభవం గల నర్సుకూ, అక్షరం రాని మత్స్యకార మహిళకూ ఒకే కొలత పెట్టకూడదు. వైద్యుల రక్షణ కోసం శస్త్రచికిత్స జరిగిన నాటి నుంచి కొన్నేళ్ల తుది హద్దు పెట్టవచ్చు. శరీరంలో పరాయి వస్తువు మిగిలిపోయినా, వాస్తవాలను కావాలని దాచినా ఆ హద్దు వర్తించరాదు. మైనర్లకు కాలపరిమితి చట్టంలో ఉన్న రక్షణను ఇక్కడికీ విస్తరించాలి. ఇది పార్లమెంటు చేయవలసిన పని.

రెండోది రాష్ట్ర ప్రభుత్వం చేతుల్లో ఉన్నది. 2002లో చేసిన అల్లోపతి ప్రైవేటు వైద్య సంస్థల నమోదు, నియంత్రణ చట్టం కింద ఆసుపత్రులు, నర్సింగ్‌హోంలు నమోదు చేసుకుంటున్నాయి. నమోదు షరతుల్లోనే చికిత్స పత్రాల భద్రతను కనీసం పదేళ్లకు పెంచవచ్చు. కంప్యూటర్లు వచ్చాక ఫైళ్లకు గది చాలదన్న మాట చెల్లదు. డిశ్చార్జి సమయంలో పూర్తి చికిత్స పత్రాల ప్రతిని రోగి అడగకుండానే ఇవ్వాలని, సారాంశం తెలుగులో ఉండాలని నిబంధన పెట్టడానికి పార్లమెంటు దాకా వెళ్లనవసరం లేదు. ఈ పని జరగకుండా గడువు ఒక్కటే పెంచితే, రోగి చేతికి మిగిలేది కాగితం లేని హక్కు.

చట్టం మారేలోగా...

ప్రస్తుత చట్టంలోనూ బాధితులకు కొన్ని వెసులుబాట్లున్నాయి. వీటిని సకాలంలో వాడుకుంటే చాలా కేసులు గడువు దగ్గరే ఆగిపోకుండా ఉంటాయి.

* చికిత్స పత్రాలు కోరుతూ ఆసుపత్రికి రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాలి. 72 గంటల్లో ఇవ్వడం వారి విధి. ప్రభుత్వ ఆసుపత్రి అయితే సమాచార హక్కు చట్టం కింద 30 రోజుల్లో పొందవచ్చు.
* లోపం జరిగిందని మరో వైద్యుడు చెబితే, ఆ తేదీతో రాతపూర్వక నివేదిక తీసుకోవాలి. తెలిసిన రోజుకు అదే ప్రధాన సాక్ష్యం.
* గడువు దాటిందన్న అనుమానం ఉంటే ఫిర్యాదుతోపాటే జాప్యం మన్నింపు దరఖాస్తు వేయాలి. ఆలస్యానికి కారణాలు తేదీలవారీగా వివరించాలి. ఎక్కడెక్కడ చూపించుకున్నారో ఆ వివరాలు, ఉన్న రశీదులు జతపరచాలి.
* చెన్నైలో చికిత్స జరిగినా, ఫిర్యాదుదారుడు నివసించే జిల్లాలోనే దాఖలు చేసే వీలును 2019 చట్టం కల్పించింది. నెల్లూరులోని జిల్లా కమిషన్‌కే రావచ్చు. వైద్యానికి చెల్లించిన మొత్తం అయిదు లక్షల రూపాయల లోపు ఉంటే రుసుం లేదు.
* మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. ఫోన్ నంబరు 15100. వినియోగదారుల జాతీయ సహాయ కేంద్రం నంబరు 1915.
* క్రిమినల్ కేసుకు లెక్క వేరు. నిర్లక్ష్యంతో మరణానికి కారకుడైన నమోదిత వైద్యుడికి 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత కింద రెండేళ్ల వరకు శిక్ష ఉంది. ఇలాంటి నేరాలను న్యాయస్థానం విచారణకు స్వీకరించే గడువు మూడేళ్లు. అయితే తీవ్రమైన నిర్లక్ష్యం ఉంటేనే క్రిమినల్ బాధ్యత వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2005లో చెప్పింది.

ఈ వెసులుబాట్లన్నీ విషయం తెలిసినవారికే ఉపయోగపడతాయి. తీరంలోని ఆరోగ్య కేంద్రాల్లో, గ్రామ సచివాలయాల్లో వీటిని తెలుగులో రాసి గోడకు అంటించడం జిల్లా యంత్రాంగానికి పెద్ద పని కాదు. వేట నిషేధ కాలంలో మత్స్యకారులు ఊళ్లోనే ఉంటారు గనుక, న్యాయసేవాధికార సంస్థ ఆ రెండు నెలల్లో తీర గ్రామాల్లో న్యాయ విజ్ఞాన సదస్సులు నిర్వహిస్తే ఎక్కువమందికి చేరుతుంది. చికిత్స పత్రాల గడువు పెంపుపై రాష్ట్రం ముందడుగు వేస్తే, ఈ రోజు శస్త్రచికిత్స చేయించుకుంటున్నవారికైనా ఆరేళ్ల తర్వాత అడిగేందుకు ఆధారం మిగులుతుంది. ఇప్పటికే ఆధారాలు పోగొట్టుకున్నవారి విషయంలో మాత్రం చట్టసభలు ఎంత త్వరగా కదిలితే అంత మేలు.